పురుగులనూ సాలీళ్లనూ దగ్గరగా ఫొటో తీయడం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం గురించి ఉన్నాయి. సాలీళ్లను, చిన్న చిన్న పురుగులను అతి దగ్గరగా ఫొటో తీసే మాక్రో ఫొటోగ్రఫీని ఎలా మొదలుపెట్టాలని పలువురు అడిగారు. తొలకరి పడ్డాక పెరట్లో ప్రతి ఆకు కిందా ఏదో ఒక ప్రాణి కనిపించే కాలం కనుక, ఒకే రకమైన ప్రశ్నలను కలిపి ఈసారి శీర్షిక మొత్తాన్ని దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నా దగ్గర పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా, దానితో వచ్చిన 18–55 లెన్స్, తర్వాత కొన్న 55–250 లెన్స్ ఉన్నాయి. మాక్రో లెన్స్ కొనే స్థోమత లేదు. అది లేకుండా సాలీళ్ల ఫొటోలు తీయడం కుదురుతుందా?
— డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: తప్పకుండా కుదురుతుంది. మాక్రో అంటే ఏమిటో ముందుగా తెలుసుకుంటే మీరు ఏది కొనాలో సులువుగా తేలుతుంది. పురుగు ఎంత పొడవుందో, కెమెరా లోపల సెన్సర్ మీద పడే దాని ప్రతిబింబం కూడా అంతే పొడవుంటే దానిని 1:1 అంటారు. మాక్రో లెన్సుల్లో చాలావరకు ఈ స్థాయిని అందుకుంటాయి. మీ కెమెరా సెన్సర్ వెడల్పు 22 నుంచి 24 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది కనుక, 1:1 దగ్గర అంతే పొడవున్న మిడత ఫొటో అంతటా పరుచుకుంటుంది. గోడల మీద తిరిగే 8 మిల్లీమీటర్ల గెంతే సాలీడు అయితే దాదాపు మూడో వంతు వెడల్పును ఆక్రమిస్తుంది. మీ 18–55 లెన్స్ ఎంత దగ్గరకు తీసుకువెళ్లినా 1:1లో సుమారు మూడో వంతు దగ్గరే ఆగిపోతుంది.

ఈ లోటును తీర్చుకోవడానికి మూడు దారులున్నాయి. మొదటిది కెమెరాకూ లెన్సుకూ మధ్య ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ బిగించడం. ఇది లోపల గాజు లేని బోలు గొట్టం. దాని పొడవును లెన్స్ ఫోకల్ లెంగ్తుతో (లెన్స్ మీద రాసి ఉండే మిల్లీమీటర్ల అంకెతో) భాగిస్తే అదనంగా ఎంత పెద్దగా కనిపిస్తుందో తెలుస్తుంది. 50 మిల్లీమీటర్ల లెన్సుకు 25 మిల్లీమీటర్ల ట్యూబ్ తగిలిస్తే 1:1లో సగం అదనంగా వస్తుంది, కానీ అదే ట్యూబ్ 250 మిల్లీమీటర్ల దగ్గర పదో వంతు మాత్రమే ఇస్తుంది. రెండోది చవకైన రింగు సాయంతో లెన్స్‌ను తిరగేసి బిగించడం. ఇందులో పెద్దదనం బాగా వస్తుంది, అయితే ఇప్పటి లెన్సులను తిరగేస్తే కెమెరాతో విద్యుత్ సంబంధం తెగిపోయి అపెర్చర్ (లెన్స్ లోపల కాంతి వచ్చే రంధ్రం) మార్చుకునే వీలుండదు. పైగా పురుగుకు నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోకి వెళ్లాలి. అపెర్చర్ రింగ్ ఉన్న పాత మాన్యువల్ లెన్స్ ఎవరి దగ్గరైనా దొరికితే తప్ప కొత్తవారికి నేను ఈ పద్ధతిని చెప్పను.

మూడోది లెన్స్ ముందు తగిలించే క్లోజప్ లెన్స్. మీ దగ్గర 55–250 ఉంది కనుక మీకు ఇదే సరైనది. ఒకే గాజుతో చేసిన చవకరకాలు అంచుల్లో రంగులు చిమ్ముతాయి, కాబట్టి ఒకటికి మించిన గాజులను కూర్చి రంగుల లోపం సరిచేసిన రకాన్నే తీసుకోండి. రేనాక్స్ కంపెనీ తయారుచేసే డీసీఆర్-150, డీసీఆర్-250 మాక్రో తీసేవారిలో చాలామందికి తెలిసినవే. డీసీఆర్-250 శక్తి 8 డయాప్టర్లు (కళ్లద్దాల పవరును కొలిచే కొలమానమే). మీ లెన్స్‌ను 250 మిల్లీమీటర్ల దగ్గర ఉంచితే ఇది పురుగును అసలు కొలతకు రెట్టింపుగా చూపిస్తుంది, కానీ పురుగుకు 12 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లాలి. డీసీఆర్-150 శక్తి 4.8 డయాప్టర్లు. దీనితో 1:1కు కాస్త ఎక్కువే వస్తుంది, పురుగుకు 20 సెంటీమీటర్ల దూరంలో ఉండవచ్చు. చూడగానే శక్తి ఎక్కువున్న దాని మీదే మనసు పోతుంది, అయినా మీరు 150తోనే మొదలుపెట్టండి. రెట్టింపు పెద్దదనం దగ్గర మీ ఊపిరి కదలిక కూడా ఫొటోలో కనిపిస్తుంది, పురుగును ఫ్రేములోకి తెచ్చుకోవడమే కష్టమవుతుంది. మిగిలిన డబ్బును ఫ్లాష్ కోసం దాచుకోండి. ఎందుకో మూడో ప్రశ్నకు జవాబులో చెబుతాను.

ప్రశ్న: నాకు 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్ ఉంది. సాలీడు కళ్లు స్పష్టంగా వస్తే కాళ్లు మసకబారుతున్నాయి. అపెర్చర్‌ను ఎఫ్/22 దాకా తగ్గిస్తే ఫొటో మొత్తం మెత్తబడినట్లు వస్తోంది. లోపం లెన్సులో ఉందా?
— ఉపాధ్యాయురాలు, నిజామాబాద్

జవాబు: లెన్సులో లోపం లేదు. దగ్గరకు వెళ్లేకొద్దీ స్పష్టంగా కనిపించే పొర పలచబడిపోతుంది. చిన్న సెన్సర్ ఉన్న కెమెరాలో 1:1 దగ్గర ఎఫ్/11 పెట్టినా ఆ పొర మందం ఒక మిల్లీమీటరు లోపే. పైగా 1:1 దగ్గర లెన్స్ ముందుకు జరగడం వల్ల వెలుతురు రెండు స్టాపులు, అంటే నాలుగో వంతుకు, తగ్గుతుంది, అందుచేత మీరు పెట్టిన ఎఫ్/22 నిజానికి ఎఫ్/44లా పనిచేస్తుంది. ఎఫ్ సంఖ్య పెరిగేకొద్దీ రంధ్రం సన్నబడుతుంది; అంత సన్నని రంధ్రం గుండా వచ్చే కాంతి వంగి చెదిరిపోతుంది కనుక ఫొటో అంతా మెత్తబడుతుంది. ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య ఉండండి. చాలా అవసరమైతే ఎఫ్/16 దాకా వెళ్లవచ్చు, అంతకు మించి వద్దు.

పలచని పొరను పెంచలేకపోయినా దానిని ఎక్కడ పరచాలో మీ చేతిలో ఉంది. రెక్కలు ముడుచుకుని కూర్చున్న సీతాకోకచిలుకను పక్క నుంచి తీస్తున్నప్పుడు కెమెరా వెనుక భాగం రెక్కకు సమాంతరంగా ఉంటే రెక్క అంచు నుంచి అంచు దాకా స్పష్టంగా వస్తుంది. సాలీడును ఎదురుగా తీస్తున్నప్పుడు ముందున్న రెండు పెద్ద కళ్లూ ఒకే పొరలో ఉండేలా చూసుకుని, కాళ్లు మసకబారినా బాధపడకండి. చూసేవారి చూపు కళ్ల దగ్గరే ఆగుతుంది.

ఆటోఫోకస్‌ను ఆపివేయండి. లెన్స్‌ను మీకు కావలసిన పెద్దదనం దగ్గర స్థిరపరచి, నడుము దగ్గర నుంచి శరీరాన్ని వెంట్రుకవాసి ముందుకు, వెనక్కు కదుపుతూ కన్ను మీద స్పష్టత వచ్చిన క్షణాన నొక్కండి. కెమెరా పట్టుకున్న ఎడమ చేతి చిటికెన వేలిని పురుగు ఉన్న కొమ్మకే ఆనించగలిగితే కొమ్మ గాలికి ఊగినా మీరూ దానితో పాటే కదులుతారు. ఇక తల నుంచి తోక దాకా స్పష్టంగా ఉండే ఫొటోలు చూసి ఉంటారు. అవి ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ అనేక ఫొటోలు తీసి, హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ వంటి సాఫ్ట్‌వేర్లతో ఒక్కటిగా కలిపినవి. నిద్రపోతున్న తూనీగ మీద అది సాధ్యమే. కానీ ఒక్క ఫొటోలో కన్ను మీద ఫోకస్ నిలపడం అలవాటయ్యాకే ఆ పనిలోకి దిగండి.

ప్రశ్న: ఫ్లాష్ వేస్తే పెంకు పురుగుల వీపు మీద తెల్లటి మచ్చలు పడుతున్నాయి, వెనుక అంతా నల్లగా వస్తోంది. వేయకపోతే కదిలిపోతున్నాయి. ఏమి చేయాలి?
— చిరుద్యోగి, కాకినాడ

జవాబు: ఈ శీర్షికకు వచ్చిన ప్రశ్నలన్నింటిలో ముఖ్యమైనది ఇదే. మాక్రోలో పెద్దదనాన్ని తక్కువ ఖర్చుతో సంపాదించవచ్చని పైన చూశాం. మంచి ఫొటోనూ మామూలు ఫొటోనూ వేరుచేసేది వెలుతురు. దానికి కావలసింది డబ్బు కంటే ఓపికతో చేసుకునే డిఫ్యూజర్, అంటే ఫ్లాష్ వెలుతురును మెత్తబరిచే తెర.

ఫ్లాష్ ఎందుకు కావాలో ముందు చూద్దాం. ఎఫ్/11 పెట్టి, పైన చెప్పిన రెండు స్టాపుల నష్టాన్ని కలుపుకుంటే ఆకుల నీడలో చేతితో పట్టుకుని తీయడానికి సహజమైన వెలుతురు చాలదు. ఫ్లాష్‌ను తక్కువ శక్తిలో వాడినప్పుడు అది వెలిగేది అతి స్వల్ప కాలమే. 1/32 శక్తిలో ఆ మెరుపు సెకనులో పదివేలవ వంతు చుట్టుపక్కలే ఉంటుంది. మీ చేతి వణుకునూ చీమ పరుగునూ ఆపేది ఆ మెరుపే, షట్టర్ కాదు. కాబట్టి కెమెరాను మాన్యువల్‌లో పెట్టి, షట్టర్ 1/160 లేదా 1/200, అపెర్చర్ ఎఫ్/11, ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురును గ్రహించే స్థాయి) 200, ఫ్లాష్ 1/16 శక్తితో మొదలుపెట్టి, ఫొటో చూసుకుంటూ ఫ్లాష్ శక్తిని మాత్రమే మార్చుకోండి.

ఇక తెల్లటి మచ్చల సంగతి. పెంకు పురుగు వీపు, సాలీడు కన్ను చిన్నపాటి అద్దాలు. వాటిలో కనిపించే తెల్లటి మచ్చ మీ ఫ్లాష్ ప్రతిబింబమే తప్ప మరొకటి కాదు. పురుగు వైపు నుంచి చూసినప్పుడు వెలుతురు వచ్చే చోటు ఎంత విశాలంగా ఉంటే ఆ మచ్చ అంత వెడల్పుగా పరుచుకుని మెత్తని మెరుపుగా మారుతుంది. అందువల్ల డిఫ్యూజర్‌కు రెండు లక్షణాలు ఉండాలి: అది పెద్దదిగా ఉండాలి, పురుగుకు బాగా దగ్గరగా ఉండాలి. ఫ్లాష్ తలకు తొడిగే చిన్న ప్లాస్టిక్ డబ్బా పురుగుకు ఎక్కడో దూరంగా ఉండిపోతుంది కనుక మాక్రోలో దాని వల్ల ఉపయోగం స్వల్పమే. సామాన్ల పెట్టెల్లో చుట్టి వచ్చే పలచని తెల్లటి ఫోమ్ షీటును ఏ4 కాగితమంత కత్తిరించి, ఫ్లాష్ దగ్గర నుంచి లెన్స్ కొస మీదుగా చూరులా ముందుకు వంగేలా అమర్చండి. దాని వెనుక ఒకటి రెండు అంగుళాల ఎడంతో ట్రేసింగ్ పేపరు మరో పొర పెడితే మధ్యలో వెలుతురు ముద్దగా పడకుండా షీటు అంతటా సమంగా పరుచుకుంటుంది. ఫ్లాష్ తల లోపలి పక్కలకు వంటింటి అల్యూమినియం కాగితం అంటించిన అట్టగొట్టం తొడిగితే వెలుతురు పక్కలకు పోకుండా షీటు మీదికే వెళుతుంది.

మీరు చేసుకున్న డిఫ్యూజర్ ఎలా పనిచేస్తోందో పురుగు మీద పరీక్షించనక్కరలేదు. స్టీలు చెంచా వీపును, చొక్కాకు కుట్టే నల్లటి గుండీని ఫొటో తీయండి. గుండీ మీద చుక్క లాంటి మచ్చ కాకుండా, అంచులు నెమ్మదిగా కరిగిపోయే వెడల్పైన మెరుపు వచ్చేదాకా షీటును వంచుతూ, జరుపుతూ ఉండండి. ఈ పనికి ఒక సాయంత్రం కేటాయించినా దండగ కాదు.

వెనుక నల్లగా రావడానికి కారణం వేరు. ఫ్లాష్ వెలుతురు దూరంతో పాటు వేగంగా క్షీణిస్తుంది. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతే అందుతుంది. పురుగు వెనుక ఒక అడుగు దూరం దాకా ఏమీ లేకపోతే అక్కడికి చేరే వెలుతురు లెక్కలోకి రాదు. పురుగు వెనుక అరచేతి దూరంలో ఆకు ఉండే కోణం వెతుక్కోండి, లేదా రాలిన ఆకునొకదాన్ని ఎడమచేత్తో వెనుక పట్టుకోండి. ఆరుబయట ఐఎస్ఓను 800 దాకా పెంచి ఫ్లాష్ శక్తిని తగ్గించుకుంటే వెనుక ఉన్న సహజమైన పచ్చదనం కూడా కొంత ఫొటోలోకి వస్తుంది.

ప్రశ్న: నేను దగ్గరకు వెళ్లేలోపే తూనీగలు, సీతాకోకచిలుకలు ఎగిరిపోతున్నాయి. మంచి ఫొటోలకు అడవికి వెళ్లాలా?
— గృహిణి, విశాఖపట్నం

జవాబు: అడవి అవసరం లేదు, వేళ ముఖ్యం. పురుగులు తమ ఒంటి వేడి కోసం ఎక్కువగా బయటి వేడి మీదే ఆధారపడతాయి. తెల్లవారుజామున, ముఖ్యంగా ధనుర్మాసపు మంచు రోజుల్లో, తూనీగలు ఒంటినిండా మంచు బిందువులతో గడ్డిపోచలను పట్టుకుని కదలకుండా ఉంటాయి; సూర్యుడు నాలుగు మూరలు పైకెక్కాక అవే మిమ్మల్ని దగ్గరకు రానివ్వవు. మీ నీడ వాటి మీద పడనివ్వకండి, పైనుంచి వంగకుండా వాటి కంటి ఎత్తులో నెమ్మదిగా దగ్గరకు జరగండి.

చోటు కోసం మొక్కలను చూడండి. మీ కుండీలోని కరివేపాకు మొక్క, పెరట్లోని నిమ్మచెట్టు చాలు. నిమ్మ సీతాకోకచిలుక వాటి లేత ఆకుల మీద గుడ్లు పెడుతుంది. దాని గొంగళి పురుగు చిన్నప్పుడు పక్షి రెట్టలా, పెరిగాక ఆకుపచ్చగా ఉంటుంది కనుక ఒకే మొక్క మీద రెండు వేర్వేరు జీవులను చూసినట్లే ఉంటుంది. ఖాళీ స్థలంలో జిల్లేడు మొక్క ఉంటే దాని లేత కొమ్మల మీద పసుపుపచ్చని పేనుబంక గుంపులు, వాటిని తినే అక్షింతల పురుగులు, ఆకుల మీద పసుపు, నీలం చారల మిడతలు కనిపిస్తాయి. ఆకు అడుగున సన్నని దారాల కొసన నిలిచిన తెల్లని గుడ్లు కనిపిస్తే అవి అల్లిక రెక్కల పురుగువి. రైతులకు మేలు చేసే పురుగు కనుక వాటిని తుడిచెయ్యకండి.

మొదటి రోజుల్లో మీకు అన్నింటికంటే అనుకూలమైనది గోడ మీది గెంతే సాలీడు. ఇది గూడు అల్లి అందులో కూర్చోదు, చూపుతో వేటాడుతుంది. అందుకే మీరు దగ్గరకు వెళితే పారిపోవడానికి బదులు చాలాసార్లు ఆగి మీవైపు తిరిగి లెన్స్‌లోకి చూస్తుంది. ముందున్న రెండు పెద్ద కళ్లను కాసేపు గమనించండి. ఒక క్షణం నిగనిగలాడే నలుపుగా ఉన్న కన్ను మరుక్షణం తేనెరంగులోకి మారుతుంది. కంటి కటకం తల పెంకుకు అతుక్కుని కదలకుండా ఉంటుంది, దాని వెనుక గొట్టం కొసన ఉన్న రెటీనాను మాత్రం కండరాలు అటూ ఇటూ జరుపుతాయి. అది సరిగ్గా మీవైపు తిరిగినప్పుడు కన్ను నల్లగా కనిపిస్తుంది. నలుపు తిరిగిన ఆ క్షణంలో తీసిన ఫొటోలో సాలీడు చూస్తున్నది మిమ్మల్నే.

ప్రశ్న: ఆరుద్ర పురుగు ఫొటో తీస్తే ఎర్రటి ముద్దలా వచ్చింది, ఒంటి మీది నూగు అసలు కనిపించలేదు.
— రైతు, అనంతపురం జిల్లా

జవాబు: ఆరుద్ర కార్తెలో తొలకరి తడికి పైకి వచ్చి, మిగిలిన కాలమంతా నేలలోనే గడిపే ఈ జీవి గురించి రాసినందుకు సంతోషం. దీనికి ఎనిమిది కాళ్లుంటాయి. పేరులో పురుగు ఉన్నా ఇది కీటకం కాదు, సాలీళ్లకూ తేళ్లకూ దగ్గరి చుట్టమైన నల్లి జాతి జీవి. దాని రంగు దాదాపు పూర్తిగా ఎరుపే కావడం వల్ల కెమెరా మోసపోతుంది. మొత్తం వెలుతురు సరిపోయినట్లు చూపిస్తున్నా, ఎరుపు ఒక్కటే హద్దు దాటి పొంగిపోతుంది, అలా పొంగిన చోట నూగు వివరాలన్నీ చెరిగిపోతాయి. ఫొటోలో వెలుతురు పంపకాన్ని గీతగా చూపే హిస్టోగ్రామ్‌లో మూడు రంగులను విడివిడిగా చూపే ఏర్పాటును పెట్టుకుని, ఎరుపు గీత కుడి అంచును తాకకుండా ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాపు దాకా తగ్గించండి. సెన్సర్ సమాచారాన్నంతా దాచే రా ఫార్మాట్‌లో తీయండి. వెలుతురు నేరుగా పైనుంచి కాకుండా ఒక పక్క నుంచి వాలుగా పడితే ప్రతి నూగుకూ సన్నని నీడ ఏర్పడి మఖమల్ గుణం తెలుస్తుంది. తడి నేల మీద గోనెసంచి పరిచి బోర్లా పడుకుంటే తప్ప దాని కంటి ఎత్తు మీకు అందదు.

ప్రశ్న: పురుగులను కాసేపు ఫ్రిజ్‌లో పెడితే కదలకుండా ఉంటాయని వీడియోలో చూశాను. అలా చేయవచ్చా?
— పాఠకుడు, వరంగల్

జవాబు: చేయకండి. చలికి బిగుసుకుపోయిన పురుగు కాళ్లు, మీసాలు ముడుచుకుపోయి ఎలా ఉంటుందో, తనంతట తాను కూర్చున్న పురుగు ఎలా ఉంటుందో తెలిసినవారు ఇట్టే పట్టేస్తారు. అంతకంటే ముఖ్యం, ఫొటో కోసం ఒక ప్రాణిని బాధపెట్టే హక్కు మనకు లేదు. జిగురు పూయడం, దారంతో కట్టడం, గూటి నుంచి సాలీడును లాగడం కూడా ఈ కోవలోకే వస్తాయి. తెల్లవారుజామునే లేవగలిగితే ఫ్రిజ్ అవసరం రాదు.

ప్రశ్న: మా ప్రాంతపు అడవుల్లో నీలిరంగు సాలీడు ఉందని విన్నాను. దానిని ఎక్కడ ఫొటో తీయవచ్చు?
— విద్యార్థి, నంద్యాల

జవాబు: మీరు విన్నది నిజమే. దాని శాస్త్రీయ నామం పోసిలోథీరియా మెటాలికా. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దీనిని తొలిసారి వర్ణించారు. ఆయనకు అందిన నమూనా గుత్తి రైల్వే కలప నిల్వలో దొరికింది కనుక ప్రపంచమంతా దీనిని గుత్తి పేరుతోనే పిలుస్తోంది. తర్వాత నూరేళ్లకు పైగా సహజ ఆవాసంలో ఇది ఎవరికీ కనిపించలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనుగొన్నారు. బహుశా తొలి నమూనా కలపతో పాటు రైల్లో గుత్తి చేరి ఉంటుంది. చెట్ల తొర్రల్లో ఉంటూ రాత్రిపూట తిరిగే ఈ సాలీడు నీలం ఏదో వర్ణద్రవ్యం వల్ల వచ్చినది కాదు, వెంట్రుకల సూక్ష్మ నిర్మాణం మీద పడి కాంతి వెనక్కు వచ్చే తీరు వల్ల ఏర్పడినది. 2008 నుంచి ఇది అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) జాబితాలో ఉంది.

ఇది ఫలానా చెట్టు మీద ఉంటుందని నాకు తెలిసినా ఇక్కడ రాయను. అడవులు తరిగిపోవడంతో పాటు, పెంపుడు జంతువుల వ్యాపారం కోసం పట్టుకుపోవడం కూడా దీనికి ముప్పు తెచ్చింది. అడవిలోకి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. అనుమతితో వెళ్లి మీకు కనిపించినా, తొర్రలో పుల్ల పెట్టి కదపకండి. దాని కాటు ప్రాణాంతకం కాకపోయినా తీవ్రమైన నొప్పి, కండరాల పట్టివేత కలిగిస్తుంది. ఫొటోను ఎక్కడైనా పెట్టేముందు ఫోన్, కెమెరా నమోదుచేసిన స్థల వివరాలను తొలగించండి.

ప్రశ్న: ఫోన్‌తో మాక్రో తీయడం సాధ్యమేనా?
— పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: సాధ్యమే. ఫోన్‌లో విడిగా మాక్రో అని ఇచ్చే 2 మెగాపిక్సెళ్ల కెమెరాను పక్కన పెట్టి, ప్రధాన కెమెరాకు, లేదా టెలిఫొటో ఉంటే దానికి, నాణ్యమైన క్లిప్ లెన్స్ తగిలించండి. వెలుతురు చాలనప్పుడు ఫోన్ ఫ్లాష్ వేయకుండా, తెల్ల కాగితం వెనుక నుంచి చిన్న ఎల్ఈడీ లైటు చూపించండి.

ప్రశ్న: తీసిన సాలీడు ఏ జాతిదో ఎలా తెలుసుకోవాలి?
— జంతుశాస్త్ర విద్యార్థిని, తిరుపతి

జవాబు: ఒక్క అందమైన ఫొటోతో సరిపెట్టకండి. పైనుంచి వీపు నమూనా, ఎదురుగా కళ్ల అమరిక, పక్క నుంచి కాళ్ల ముళ్లు, గూడు ఉంటే దాని ఆకారం, ఇవన్నీ కావాలి. కుటుంబాన్ని పట్టిచ్చేవి కళ్లే. ముందు వరుసలో నాలుగు కళ్లుండి మధ్యవి రెండు బాగా పెద్దవైతే గెంతే సాలీడు. కింద నాలుగు చిన్న కళ్లు, వాటిపైన రెండు పెద్దవి, ఇంకా వెనుక మరో రెండు ఉంటే నేల మీద పరుగెత్తే తోడేలు సాలీడు. నెత్తిన కళ్లు ఆరు మూలల ఆకారంలో ఉండి కాళ్ల నిండా ముళ్లుంటే లింక్స్ సాలీడు, పొలాల్లో తరచుగా కనిపిస్తుంది. గూడు మధ్యలో తెల్లటి దారాలతో ఇంటూ గుర్తు ఉంటే ఆర్గియోపీ. మామిడి చెట్ల మీద ఆకులు కలిపి గూళ్లు కట్టే ఎర్ర చీమల్లో ఒక చీమ ఎనిమిది కాళ్లతో కనిపిస్తే ఆగి చూడండి. అది చీమ వేషంలో ఉన్న గెంతే సాలీడు, పేరు మిర్మాప్లాటా.

తేదీ, ఊరు, మొక్క పేరు ఫొటోతో పాటు రాసుకుని ఐనాచురలిస్ట్‌లోనో, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెడితే తెలిసినవారు సరిచూస్తారు. అయితే చాలా సాలీళ్ల జాతిని జననాంగాలను మైక్రోస్కోపు కింద పరిశీలించి తప్ప నిర్ధారించలేరు. ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) దాకా చెప్పి ఆగిపోతే దానినే సరైన జవాబుగా తీసుకోండి, ఫొటో కింద ఊహించిన జాతి పేరు మాత్రం రాయకండి.